పత్తి పడవల కోసం గీసిన గీత

గోదావరి డెల్టాలో కాటన్ దొర పేరు తెలియని రైతు ఉండడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆయనకు ఊరూరా విగ్రహాలు నిలబెట్టింది. అదే సర్ ఆర్థర్ కాటన్ అదే గోదావరి మీద, భద్రాచలానికి ఎగువన, ఇంకో పథకం తలపెట్టాడనీ, అది లక్షల పౌండ్లు మింగి సగంలో ఆగిపోయిందనీ చెప్పుకునేవాళ్లు తక్కువ. ఓడిపోయిన పథకానికి విగ్రహం ఎవరు పెడతారు? అయితే ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ల దారిని మార్చి ఊరుకుంది, ఎగువన ఆగిపోయిన పని మాత్రం మనుషుల రాజ్యాన్నే మార్చింది. తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సారపాక చేరి వంతెన దాటితే భద్రాచలం వస్తుంది. ఈనాడు ఆ వంతెన ఉన్నచోట 1860 నుంచి 1947 దాకా నదికి ఇటు నిజాం ఇలాకా, అటు ఇంగ్లీషువాళ్ల రాజ్యం. ఈ సరిహద్దు భాషను బట్టి వచ్చింది కాదు, తెగను బట్టి వచ్చింది కాదు, యుద్ధంలో గెలిచి గీసుకున్నదీ కాదు. నాగపూరు పత్తిని మాంచెస్టరు మిల్లులకు చేర్చే పడవల కోసం గీసింది. పడవలు రాలేదు, గీత మిగిలిపోయింది. ఈ మన్యం కష్టాల్లో చాలావాటికి మూలం ఆ గీతలోనే ఉందన్నది నా వాదన.

ముందు, 1860కి పూర్వం ఇక్కడ గోదావరి సరిహద్దు కాదని చెప్పడానికి ఏం ఆధారం ఉంది? అందరికీ తెలిసిన ఆధారమే ఉంది, దాన్ని ఈ కోణంలో చూడటం మనకు అలవాటు లేదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. పాల్వంచ నదికి కుడివైపు, ఆయన గుడి కట్టించిన భద్రాచలం ఎడమవైపు. కుడి గట్టున కచేరీ పెట్టుకున్న అధికారి శిస్తు సొమ్ముతో ఎడమ గట్టున కోవెల లేపాడంటే రెండు గట్లూ ఒకే లెక్కలో ఉండేవన్నమాట. ఆయన జైలుకు పోయింది సొమ్ము ఖర్చు పెట్టినందుకే గానీ పరాయి రాజ్యంలో ఖర్చు పెట్టినందుకు కాదు. తర్వాతి కాలంలో పాల్వంచ, భద్రాచలం జమీలు రెండూ అశ్వారావు వంశం చేతిలోనే ఉండేవి, అశ్వారావుపేటకు ఆ పేరు వచ్చింది ఆ ఇంటివాళ్ల నుంచే. ఇక జనం సంగతి. కోయగూడేలు, కొండరెడ్ల గూడేలు నదికి రెండువైపులా ఉన్నాయి, ఈనాటికీ ఉన్నాయి. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద పుస్తకం రాయడానికి వచ్చినప్పుడు నిజాం వైపూ తిరగవలసి వచ్చింది, మద్రాసు వైపూ తిరగవలసి వచ్చింది. పెళ్లి సంబంధాలకు గానీ కొలుపులకు గానీ నది అడ్డం రాలేదు. వరద రోజుల్లో దాటలేకపోవడం వేరు, దాటితే పరాయి దేశం కావడం వేరు.

మరి ఈ నదికి పత్తితో పనేమిటి? 1853లో నిజాం దగ్గర బాకీల కింద ఇంగ్లీషువాళ్లు బీరారును తమ పాలనలోకి తీసుకున్నారు, మరుసటి ఏడు వారసుడు లేడనే సాకుతో నాగపూరు రాజ్యాన్ని కలిపేసుకున్నారు. దేశంలోకెల్లా పేరున్న పత్తి నేలలు అలా వాళ్ల చేతికొచ్చాయి. కానీ అక్కడి పత్తి రేవుకు చేరాలంటే ఎడ్లబండ్ల మీద, పెరికెడ్ల మీద వారాల తరబడి దుమ్ము కొట్టుకుంటూ బొంబాయికి పోవాలి. మ్యాపు విప్పి చూస్తే ఇంకో దారి కనబడుతుంది. వార్ధా నది ప్రాణహితలో కలుస్తుంది, ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, గోదావరి ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టిన కాలువల్లో పడి కాకినాడ రేవుకు చేరుతుంది. నాలుగు వందల మైళ్లకు పైగా నీళ్లదారి, ప్రవాహం తనే మోసుకుపోయే దారి. రైలు కంటే పడవ ఎన్నో రెట్లు చౌక అన్నది కాటన్ జీవితమంతా వదలని పట్టు. ఆయన దగ్గర పనిచేసిన ఇంజనీరు కెప్టెన్ హేగ్ నదిని పరిశీలించి 1856లో నివేదిక ఇచ్చాడు. అడ్డం మూడుచోట్లే అన్నాడు: దుమ్ముగూడెం దగ్గర మొదటి రాతిపట్టు, ఎగువన ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మూడోది. అక్కడ ఆనకట్టలు వేసి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెడితే పడవలు రాళ్లను తప్పుకుని పోతాయి. కాగితం మీద ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. 1857లో మాంచెస్టరులో పుట్టిన కాటన్ సప్లై అసోసియేషన్ ఈ కాగితాన్ని పట్టుకుని లండన్‌లో మంత్రుల చుట్టూ తిరిగింది. మిల్లులకు కావలసిన దూదిలో నూటికి ఎనభై పాళ్ల దాకా ఒక్క అమెరికా నుంచే వస్తున్నదనీ, అక్కడ బానిసల చెమటతో పండే పంట ఏ రోజైనా ఆగిపోవచ్చనీ వాళ్ల భయం.

ఇక్కడ పాఠకులు 1860 ఒప్పందాన్ని జాగ్రత్తగా చూడాలి. 1857 తిరుగుబాటులో తమ పక్షాన నిలిచినందుకు ఇంగ్లీషువాళ్లు నిజాంకు రాయచూరు దోఆబు, ధారాశివం తిరిగి ఇచ్చారు, షోరాపూరు కొత్తగా ఇచ్చారు, యాభై లక్షల బాకీ రద్దు చేశారు. చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగి, దీన్ని విశ్వాసానికి బహుమానం అంటాయి. అదే ఒప్పందంలో నిజాం ఇచ్చుకున్నది కూడా ఉంది. గోదావరి ఎడమగట్టున ఉన్న రేకపల్లి, భద్రాచలం, చెర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ ప్రాంతాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు, పైగా గోదావరి మీద సాగే సరుకుకు ఎలాంటి సుంకమూ వేయనని ఒప్పుకున్నాడు. బస్తరు, నాగపూరు అప్పటికే ఇంగ్లీషువాళ్ల నీడలో ఉన్నాయి కాబట్టి హద్దు సరిచేసుకోవడానికి నదిని గీతగా తీసుకున్నారు, అందులో పత్తి ప్రసక్తి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. మ్యాపులు గీసేవాళ్లకు నది ఎప్పుడూ సులువైన గీతే. కానీ హద్దు సర్దుబాటు కోసమే అయితే అదే కాగితంలో నదీ సుంకాల రద్దు ఎందుకు వచ్చింది? శిస్తుకు ఆశపడి తీసుకున్నారనుకుందామంటే ఆ అడవిపట్టు నుంచి వచ్చే శిస్తు చాలా తక్కువ, రాయచూరు దోఆబు వంటి నల్లరేగడి మాగాణం వదిలిన చేతికి అది ఏ మూలకు? ఎడమగట్టు చేతిలో ఉంటే లాకులు కట్టుకోవచ్చు, కాలువలు తవ్వుకోవచ్చు, పడవలకు కాపలా పెట్టుకోవచ్చు. నది మీద పెత్తనం కోసమే గట్టును తీసుకున్నారన్నది సుంకాల షరతుతో కలిపి చదివితే తప్ప బోధపడదు.

ఆ మరుసటి ఏడు, 1861 ఏప్రిల్‌లో, అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు మూతపడ్డాయి. లాంకషైరులో మిల్లులు ఆగిపోయి లక్షల మంది కూలీలు పస్తులున్నారు. మాంచెస్టరు భయపడ్డది భయపడ్డట్టే జరిగింది. భారతదేశపు దూది ధర ఆకాశాన్నంటింది, దుమ్ముగూడెం రాతిపట్టు లండన్ పార్లమెంటులో చర్చకొచ్చింది. 1861లోనే ఏర్పడ్డ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఈ ఎడమగట్టును సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా చేశారు. ఆ రాష్ట్రానికి పెద్ద అధికారిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ పథకాన్ని భుజాన వేసుకున్నాడు. హేగ్ దుమ్ముగూడెంలో మకాం పెట్టి రాయి పగలగొట్టించాడు. అయితే రాయి కంటే గట్టి శత్రువు మన్యం జ్వరం. డెల్టా నుంచి తెచ్చిన కూలీలు జ్వరాలతో పడిపోయేవాళ్లు, లేచి తిరగగలిగినవాళ్లు పారిపోయేవాళ్లు. వాళ్ల తిండిగింజలు కూడా కింద నుంచి పడవల్లోనే రావాలి, ఆ పడవలకేమో ఏడాదిలో సగం రోజులు నదిలో నీళ్లు చాలవు. వర్షాకాలంలో వరద, వేసవిలో ఇసుక, నడుమ మిగిలిన నెలల్లోనే పని. ఇలా పని నత్తనడక నడుస్తుండగా 1865లో అమెరికా యుద్ధం ముగిసింది, 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. ఏ పత్తి కోసమైతే ఇంత తంటా పడ్డారో ఆ పత్తి పడమటి దారి పట్టింది. చివరికి 1871లో వైస్రాయి లార్డ్ మేయో ప్రభుత్వం పని ఆపించేసింది. అప్పటికి ఖర్చు సుమారు ఏడు లక్షల పౌండ్లు. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకుల శిథిలాలు ఇప్పటికీ చూడవచ్చు.

కాటన్ అభిమానులు దీనికి ఒక సమాధానం చెబుతారు. పథకం విఫలం కాలేదు, విఫలం చేశారు, రైలు కంపెనీల పలుకుబడికి లొంగి మధ్యలో వదిలేశారు, పూర్తి చేసి ఉంటే మన్యానికి గొప్ప నీళ్లదారి దక్కేది అంటారు. రైలు కంపెనీలకు ప్రభుత్వం లాభాల హామీ ఇచ్చి మరీ పోషించిన మాట నిజమే, నీళ్లదారులకు ఆ దయ చూపించలేదన్న కాటన్ ఆరోపణలో పస ఉంది. కానీ నది స్వభావాన్ని వాళ్ల వాదం దాటవేస్తుంది. పత్తి తీతలు మొదలయ్యేది గోదావరిలో నీళ్లు తీస్తున్న రోజుల్లో. సంక్రాంతి దాటి దూది బేళ్లు సిద్ధమయ్యేసరికి ఎగువ నదిలో పడవ అడుగు నేలకు తగులుతుంది. మూడు రాతిపట్లూ దాటించినా మిగతా నదిలో వేసవి నీటిని ఏ లాకూ పుట్టించలేదు. డెల్టాలో కాటన్ గెలిచాడంటే అక్కడ ఆనకట్ట నీళ్లను నిలబెట్టింది కాబట్టి, ఎగువన ఆయన అడిగింది నదిని ఏడాది పొడవునా పారమని. ఇంకో సంగతి, ఆ పథకం పూర్తయినా అది మన్యానికి దక్కేది కాదు, మన్యం మీదుగా పోయేది. తొలిరోజుల కాగితాల్లో ఎక్కడ చూసినా నాగపూరు పత్తి, కాకినాడ రేవు, మాంచెస్టరు మిల్లు. కోయవాడు కనబడితే కూలీగానే.

పని ఆగిపోయినప్పుడు ఎడమగట్టును నిజాంకు తిరిగి ఇచ్చేయడం న్యాయం. అలా జరగలేదు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యం, గూడెంలో మాత్రం పన్ను మారడం. సెంట్రల్ ప్రావిన్సెస్ పాలనలో రేకపల్లి వైపు పోడు కొట్టుకునేవాడు గొడ్డలికి నాలుగణాలు కట్టేవాడు. మద్రాసు పాలన రాగానే ఆ పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని అడవుల్లో చెట్టు కొట్టకూడదని కట్టడి కూడా వచ్చింది. 1879 మార్చిలో రంపలో పితూరీ లేచింది, వేసవి దాటేసరికి అది రేకపల్లి అడవుల్లోకి పాకింది. రంప పితూరీకి కారణం అక్కడి మన్సబుదారు దాష్టీకం, కల్లు పన్ను కదా, సరిహద్దుతో దానికేం సంబంధం అంటారు. రంప వరకు ఆ మాట నిజం, నేను కాదనను. రేకపల్లిలో కల్లు తగాదా కంటే పోడు తగాదా ముందుంది, అక్కడివాళ్లకు రంప మన్సబుదారుతో లావాదేవీయే లేదు. ఐదేళ్ల కిందటి బదిలీ జరగకపోతే వాళ్లకు ఆ పన్నూ లేదు, ఆ కట్టడీ లేదు. పితూరీని అణచడానికి పోలీసులనూ సిపాయిలనూ ఆవిరి పడవల్లో గోదావరి మీద పైకి తెచ్చారు. దూది దింపుతాయని ఎదురుచూసిన నదిలో పడవలు తుపాకులు ఎక్కించుకుని వచ్చాయి.

కుడిగట్టు వాళ్లకు ఈ గీత ఇంకో విధంగా అనుభవమైంది. తల్లాడ, కల్లూరు, పాల్వంచ ప్రాంతాల భక్తులు రాములవారి కల్యాణానికి పోవాలంటే నిజాం రాజ్యం దాటి ఇంగ్లీషు రాజ్యంలోకి పోవాలి. ఇటు చెల్లేది హాలీ సిక్కా, అటు ఇంగ్లీషు రూపాయి, నూరు ఇంగ్లీషు రూపాయలకు సుమారు నూటపదహారు హాలీ రూపాయలు పోయాలి. హైదరాబాదు సంస్థానంలో సరిహద్దు సుంకాల కోసం కరోడ్‌గిరి అనే శాఖే ఉండేది. నది పొడవునా సుంకం ఉండకూడదని రాసుకున్న ఒప్పందం నదికి అడ్డంగా సుంకం పుట్టించింది. పొడవునా పోవలసిన పత్తి రానేలేదు, అడ్డంగా తిరిగే ఉప్పు, బట్ట, చింతపండు, ఇప్పపువ్వు మాత్రం రోజూ తిరుగుతూనే ఉన్నాయి. జనం ఎలాగూ దొంగతోవల్లో దాటేవాళ్లే, అడవిలో ఈ గీత అంత బిగువుగా ఏమీ ఉండేది కాదని ఒక వాదన ఉంది. సరుకుల విషయంలో అది చాలావరకు ఒప్పుకోవలసిందే. భూమి దొంగతోవలో దాటదు. అసలు నష్టం అక్కడ జరిగింది.

1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టం కింద భద్రాచలం ఏజెన్సీ అయింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా చట్టం చేసింది. నదికి ఇవతల నిజాం ఇలాకాలో అలాంటి రక్షణ లేదు. అక్కడ దాని మాట రావడానికి 1940లో ఆదిలాబాదు అడవుల్లో గోండు నాయకుడు కొమరం భీం చావవలసి వచ్చింది, తర్వాత హైమెండార్ఫ్ నివేదికలు రావలసి వచ్చింది, 1940ల చివర్లో గానీ గిరిజన ప్రాంతాల నిబంధనలు అమల్లోకి రాలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా 1959 భూబదలాయింపు నిబంధన ముందు ఆంధ్ర ఏజెన్సీకే వచ్చింది, తెలంగాణకు వర్తించింది 1963 డిసెంబరు నుంచి. అంటే 1917 మొదలుకుని పాతికేళ్లకు పైగా ఒకే తెగవాడు, ఒకే ఇంటిపేరువాడు ఎడమగట్టున ఉంటే వాడి చేనుకు చట్టం కాపలా ఉంది, కుడిగట్టున ఉంటే షావుకారు పద్దుకే వదిలేశారు. పాల్వంచ, బూర్గంపాడు, అశ్వారావుపేట వైపు మైదానం నుంచి వచ్చిన రైతుల కింద కోయల మాగాణి జారిపోయిన వేగాన్ని ఈ తేడాతో కలిపి చూడాలి. అయితే ఆ గీత ఎడమగట్టు వాళ్లకు మేలే చేసింది కదా అంటారా? కాగితం మీద చేసింది. 1917 చట్టం భద్రాచలంలో కూడా అంతంత మాత్రమే అమలైందన్నది ఏజెన్సీ చరిత్ర తెలిసినవాళ్లకు కొత్త మాట కాదు. అయినా ఉన్న చట్టాన్ని అమలు చేయమని అడిగేవాడి స్థితి వేరు, లేని చట్టం కోసం ప్రాణం ఇవ్వవలసినవాడి స్థితి వేరు.

రహదారుల కథ దీనికి తిరగబడ్డట్టు ఉంటుంది. నదిలో పని ఆపేసిన 1871లోనే భూగర్భశాఖ వారి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. పదేళ్ల ముందు దొరికి ఉంటే ఆవిరి పడవలకు ఉపయోగపడేదేమో. బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఇల్లెందుకు రైలు వచ్చింది, తర్వాత కొత్తగూడెందాకా వచ్చింది, అక్కడ ఆగింది. ఆ స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టి నదికి నలభై కిలోమీటర్ల ఇవతలే నిలబెట్టారు. నిజాం రైలు తన రాజ్యం హద్దు దాటి పరాయి గట్టుకు ఎందుకు పోతుంది? మద్రాసువాళ్లకు తమ రాష్ట్రం కొసన ఉన్న అడవి తాలూకాకు రైలు వేసే అవసరం కనబడలేదు. నీళ్లదారి కోసమని తీసుకున్న గట్టుకు నీళ్లదారీ లేదు, రైలూ లేదు. 1965లో వంతెన వచ్చేదాకా భద్రాచలానికి పడవ రేవే దిక్కు.

1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. రెండు గట్లు ఒక్క జిల్లా అయ్యాయి, తొంభై తొమ్మిదేళ్ల తర్వాత. 2014లో రాష్ట్రం విడిపోతున్నప్పుడు పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో గీత మళ్లీ కదిలింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతా ఊళ్లు, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ముంపు ఊళ్లు, పునరావాసం ఒకే ప్రభుత్వం కింద ఉండటం సౌకర్యం కదా అన్నది దీనికి చెప్పిన కారణం. పాలనకు అది సౌకర్యమే. కానీ 1860లో చెప్పిన కారణాన్ని పక్కన పెట్టుకుని చదవండి. అప్పుడూ నది పని చేసే ప్రభుత్వం చేతిలో గట్టు ఉండటం సౌకర్యమన్నారు. రెండుసార్లూ పథకం ఫలం దిగువవాళ్లది, గీత మాత్రం ఎగువవాళ్ల మీద. ఫలితంగా భద్రాచలం గుడి తెలంగాణలో, ఆ గుడి భూములు ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పట్టణం చుట్టూ ఊళ్లు పోవడంతో పెరగడానికి జాగా లేని భద్రాచలం గోదావరికీ, రాష్ట్ర సరిహద్దుకూ నడుమ ఇరుక్కుంది.

ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపాలన్న కోరిక ఈనాటికీ తెగలేదు. కలపాలో వద్దో చెప్పడం ఈ వ్యాసం పని కాదు. రాష్ట్రాల హద్దులు మార్చడానికి రాజ్యాంగం మూడో అధికరణం శాసనసభ అభిప్రాయం కోరితే చాలంటుంది, ఆ అభిప్రాయానికి కట్టుబడి ఉండాలని కూడా అనదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించాలంటే మాత్రం 1996 పెసా చట్టం గ్రామసభను సంప్రదించమంటుంది. ఎకరం తీసుకోవడానికి అడగవలసిన ఊరిని, ఊరంతా ఇంకో రాష్ట్రానికి పోతున్నప్పుడు అడగనక్కర్లేదా? రెండు ప్రభుత్వాలూ ఈసారి హద్దు గురించి కూర్చునే ముందు ఆ ఐదు ఊళ్లలోనైనా గ్రామసభలు పెట్టి, వచ్చిన తీర్మానాలను యథాతథంగా ఢిల్లీకి పంపాలి.